కుక్కలక్క బండి వెతుకులాట

ఇరవై రెండేళ్ళుగా పెద్ద కుక్కల్ని బోనుల్లో పెట్టి ఊరంతా తిప్పుతున్నందుకు పశువుల ఆసుపత్రిలో ఆవిడకి కుక్కలక్క అని పేరు పడిపోయింది. మొదట్లో ఆ పిలుపు వింటే ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు ఎవరైనా ఫోనులో అసలు పేరుతో పిలిస్తే, "ఎవరు కావాలండీ?" అని అడిగేంత దూరం వచ్చేసింది.

ఆ ఆసుపత్రిలోనే ఒకప్పుడు నేల తుడిచేది. ఒకరోజు ఆపరేషనైన దూడంత కుక్కని ఇంటికి చేర్చడానికి ఏ టాక్సీవాడూ ఒప్పుకోలేదు. ఆవిడ ఇంటికెళ్ళి, నాన్న పరుపులు చేరవేసే పాత వ్యాను అడిగి తెచ్చి, కుక్కని దింపి వచ్చింది. మర్నాడు ఇంకొకరు అడిగారు. నెల తిరిగేసరికి చీపురు పక్కన పెట్టి స్టీరింగు పట్టుకుంది.

ఇప్పుడు యాభై నాలుగు. ఎడమ భుజం పైకి లేవదు. అరవై కిలోల కుక్క ఎక్కనని మొండికేస్తే వెనక నుంచి ఎత్తి తోసేది ఆవిడే. ఇంటికొచ్చాక చెప్పులు విప్పడానికి కూడా ఓపిక ఉండక, గుమ్మంలోనే కాసేపు కూలబడేది. తాళాలు బాగుచేసే భర్త కొట్టు కట్టేసి వచ్చి, ఆ చెప్పులు తీసి పక్కన పెట్టి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళేవాడు.

పోయిన ఎండాకాలం జరిగిన సంగతి మాత్రం ఆయనకి కూడా చాలారోజులు చెప్పలేదు. పట్టపగలు వంతెన మీద లారీ అడ్డం తిరిగి బండ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ముందు సీట్లో ఏసీ చల్లగా తగులుతుంటే వెనకా అంతే ఉందనుకుంది. ముప్పావుగంట గడిచింది. ఉన్నట్టుండి వెనక రొప్పుడు ఆగిపోయింది. దిగి తలుపు తీస్తే సెగ ముఖాన కొట్టింది. లెక్కల మాస్టారి కుక్క పక్కకి ఒరిగిపోయి, నాలుక వేలాడేసి ఉంది. తన నీళ్ళు పోసింది, చుట్టూ కార్లవాళ్ళని బతిమాలి తెచ్చి పోసింది. కుక్క బతికింది గానీ వెనక కాళ్ళలో మునుపటి బలం రాలేదు.

మాస్టారు పల్లెత్తు మాట అనలేదు. పైగా నెల తర్వాత ఫోను చేసి, "అమ్మా, దానికి సూది వేయించాలి. నువ్వే రావాలి. వేరేవాళ్ళయితే బెదురుతుంది" అన్నాడు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆవిడకి కాస్త తేలిగ్గా ఉండేది.

మళ్ళీ ఎండలు ముదరకముందే బండి మార్చాలని అనుకుంది. అనుకున్నంత సులువుగా దొరికితే అది బండెందుకవుతుంది? కూతురేమో ఏడు సీట్ల కారు తీసుకోమంది, పనికీ ఉంటుంది, ఇంటికీ ఉంటుందని. సరేనని భార్యాభర్తలు ఖాళీ బోను ఒకటి పాత వ్యానులో వేసుకుని షోరూముకి వెళ్ళారు. అక్కడి సేల్స్‌మాన్ స్టీరింగు పక్కనున్న తెర చూపించాడు, పాటలు వినిపించాడు, సీట్లు మడిచి చూపించాడు. అంతా విని ఆవిడ బోను తెమ్మంది. వెనక తలుపు దగ్గరే అది రెండంగుళాలు ఎత్తు ఎక్కువై, పైన తగిలి ఆగిపోయింది.

"కాస్త పడుకోబెట్టి దూర్చండి మేడమ్."

"బోను పడుకుంటుంది బాబూ, లోపల కుక్క నిలబడొద్దూ?"

తర్వాత వారం సరుకుల వ్యాను చూశారు. ఎత్తు సరిపోయింది. లోపల చక్రాల మీద ఉబ్బెత్తుగా గుబ్బలున్నా, వాటి మధ్య రెండు బోనులు పక్కపక్కన కూర్చున్నాయి. భర్త ముఖం వెలిగింది. కానీ బండి నేల ఆవిడ నడుం దాకా ఉంది. అంత ఎత్తుకి కుక్కని ఎక్కించే మాట తలచుకుంటేనే భుజం సలిపింది. అదీ ఎలాగో పడొచ్చు, ఒక పలక వాలుగా వేసుకుంటే సరి. ఆవిడ చూడాల్సింది ఇంకొకటుంది.

"ఇంజను ఆన్ చేసి, ఏసీ వేసి, తలుపులు మూసేయండి. నేను వెనక కూర్చుంటా" అంది.

"వెనక సీట్లు లేవు కదమ్మా?" అన్నాడు అక్కడి మేనేజరు.

"బోనుంది కదండీ."

మేనేజరు ఆవిడ భర్త వైపు చూశాడు. ఆయన, "నన్ను చూడకండి, ఇంట్లో కూడా నా మాట ఇంతే" అన్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో పావుగంట తర్వాత తలుపు తీస్తే, ఆవిడ జాకెట్టు తడిసిపోయి, మోకాళ్ళ మీద పాకుతూ బయటికొచ్చింది. ముందుకీ వెనక్కీ మధ్య ఇనుప గోడ. చల్లగాలి చుక్క కూడా అటు రాదు. వంతెన మీద ఆ కుక్క ఏం పడిందో అప్పుడు ఒంటికి తెలిసింది. చాలాసేపు నీడలో నిలబడింది గానీ మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. ఆ సాయంత్రమే వంతెన సంగతి మొదటిసారి భర్తకి చెప్పింది. ఆయన చేతిలో ఉన్న తాళం కింద పెట్టి, మొత్తం విని, "రేపు ఇంకోటి చూద్దాం" అన్నాడంతే.

ఆ రేపు ఐదు వారాలు సాగింది. చివరికి పాత బండ్లు అమ్మే స్థలంలో ఒక మూల, తెల్లగా, పొట్టిగా, ఎడమ పక్క సొట్టపడిన వ్యాను కనిపించింది. పూల వ్యాపారి వాడిన బండి. పూలు వాడకుండా వెనక గదికి వేరేగా ఏసీ పెట్టించాడు. నేల కూడా మోకాలి కన్నా కాస్తే ఎత్తు. ఆవిడ టేపు పెట్టి రెండుసార్లు కొలిచింది. రెండు బోనులు పక్కపక్కన పట్టవు, ఒకదాని వెనక ఒకటి పెట్టుకోవాలి. వెనకదాన్ని దించితే గాని ముందుది రాదు. అదొక తలనొప్పి. ఇంజను చెవులు గింగురుమనిపిస్తోంది.

"చూడ్డానికి బాలేదు" అన్నాడు భర్త.

"మనమేమన్నా బాగున్నామా?" అంది ఆవిడ.

మళ్ళీ బోను లోపల పెట్టించి, దాంట్లో దూరింది. అమ్మేవాడు బండి నడుపుతుంటే భర్త ముందు కూర్చున్నాడు. మార్కెట్టు వీధి దాటారు, గతుకుల రోడ్డు దాటారు, ఎండలో సిగ్నలు దగ్గర ఆగారు. స్థలానికి తిరిగొచ్చి తలుపు తీస్తే లోపల నుంచి ఉలుకూ పలుకూ లేదు. భర్త గబుక్కున వంగి చూశాడు. కాళ్ళు ముడుచుకుని, చెయ్యి తలకింద పెట్టుకుని, నోరు కాస్త తెరిచి ఆవిడ నిద్రపోతోంది. పగలు ఆవిడ కళ్ళు మూసుకోగా చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకి గుర్తు రాలేదు.

"లేపమంటారా?" అన్నాడు అమ్మేవాడు.

ఆయన తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, "ఇంకో చుట్టు తిప్పండి" అన్నాడు. "నెమ్మదిగా."

ఆ బండే కొన్నారు. కూతురు చూసి, "వెనక కిటికీ కూడా లేదేంటమ్మా!" అని ముఖం చిట్లించింది. మొదటి రోజు ఎక్కాల్సిన కుక్క నేలంతా వాసన చూసి, తుమ్మి, పది నిమిషాలు బెట్టు చేసి, తర్వాత తనంతట తనే కాలు పెట్టింది. ఆవిడ ఎత్తాల్సిన పని పడలేదు. భుజం నొప్పి మాత్రం పోలేదు. ఇన్నేళ్ళ అలుపు ఒక బండితో తీరేది కాదు. ఇంటికొస్తే ఇప్పటికీ గుమ్మంలోనే కూలబడుతుంది.

ఒకరోజు అలా కూర్చుని ఉండగానే ఫోను మోగింది. ఎవరో ఇల్లు మారుతున్నారట, రెండు పెద్ద కుక్కలు, ఆరుగంటల ప్రయాణం, రేపే రావాలట.

"రేపు కుదరదండీ. ఎల్లుండి వస్తాను" అని పెట్టేసింది.

చెప్పులు తీస్తున్న భర్త తలెత్తాడు. "రేపేం పనుంది?"

"ఏ పనీ లేదు" అంది. "అందుకే కుదరదన్నాను."