చెంచా చప్పుడు

లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. ఇంత ముసలిదాన్నయినా ఆ మంట చల్లారలేదు.

ఆ రోజుల్లో అమీర్‌పేట అంటే తోటలు, బండలు, వాటి మధ్య మా నాలుగిళ్లు. నాయిన పంజాగుట్టలో ఒక నవాబు బంగళాలో బగ్గీ తోలేవాడు. తెల్లవారకముందే అమ్మకు గంజి తాగించి వెళ్లిపోయేవాడు. అమ్మకు క్షయ. నన్ను ఆ గదిలోకి రానివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గోడకు అటు అమ్మ మంచం, ఇటు అరుగు మీద పలకతో నేను.

ముందటి ఏడు లెక్కల్లో తప్పాను. ఈసారీ తప్పితే బడి మాన్పించి బంగళాలో పనికి పెడతానని నాయిన తేల్చేశాడు. అమ్మ మాత్రం నన్ను టీచరమ్మను చేయాల్సిందేనని ఒకటే పట్టు. తను క్రైస్తవ మిషను బడిలో చదువుకున్న మనిషి.

బడిలో లెక్కలు ఉర్దూలో చెప్పేవారు. ఇంటికొచ్చి నేను వాటిని తెలుగులో, గట్టిగా పైకి అనుకుంటూ చేసేదాన్ని. ఎక్కడైనా తప్పానా, లోపల అమ్మ ఇత్తడి గ్లాసు మీద చెంచాతో టక్కున కొట్టేది. చప్పుడు రాలేదంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. అట్లా నా పలక మీద ఒక్క తప్పూ మిగిలేది కాదు. నాకు లెక్కలు వచ్చేశాయని మురిసిపోయాను.

పక్కింటి చాచీ రోజూ పొద్దున అమ్మకు పాలు తెచ్చేది. అమ్మ ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచేది. ఒకరోజు కాసేపు నిలబడి విని, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అరె వా! లెక్కలన్ని నీ అమ్మనే చేస్తున్నది. పరీక్షల చెంచా ఎవరు కొడ్తరే నీకు?"

నాకు తిక్క రేగింది. ఏదో అనబోయేలోపు గోడవతల నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఆపా చెప్పింది నిజమే బిడ్డా. ఇగ నేను కొట్ట. తప్పు నువ్వే దేవులాడుకోవాలె."

"నాకెట్ల తెలుస్తది?"

"భాగించినవనుకో, తిరగేసి గుణించు. మొదటి అంకె మళ్లొస్తే సరే. నిన్న తప్పిన లెక్క పొద్దున్నే ముందుగాల చెయ్యి, పాతది చూడకుండ."

అంతే, చెంచా ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చేది. ప్రతి మెట్టు దగ్గరా ఆగి చెవి గోడకు ఆనించేదాన్ని. "తప్పైందా లేదా, గదొక్కటి చెప్పరాదే!" అని అరిచేదాన్ని. దగ్గు తప్ప జవాబు ఉండేది కాదు. అమ్మది రాతి గుండె అనుకున్నాను. చెంచాను దూరంగా పెట్టించుకున్న సంగతి చాచీ చాలా రోజులకు గానీ చెప్పలేదు. "అందకుండ పెట్టు ఆపా, నా చెయ్యి ఆగుతలేదు" అన్నదట అమ్మ.

పరీక్ష రెండు రోజుల్లో ఉందనగా, పొద్దున్నే పెద్ద భాగహారం మొదలుపెట్టాను. తిరగేసి గుణిస్తే అంకె రాలేదు. మళ్లీ చేశాను, రాలేదు. ఏడుపు దిగమింగి ఒక్కో మెట్టూ పైకి చదువుకుంటూ పోయాను. దొరికింది! ఏడు తొమ్మిదుల దగ్గర అరవై రెండు వేశాను.

"అమ్మా! దొరికిందే! నువ్వు కొట్టకుండనే దొరికింది!"

పలకలేదు. మాట మీద ఎంత గట్టిగా నిలబడిందో చూడు, మెచ్చుకోవడానికి సుత నోరు తెరవదు అనుకుని నవ్వుకున్నాను. ఆ హుషారులో ఇంకో రెండు లెక్కలు చేశాను. రెండూ సరిగ్గా వచ్చాయి.

చాచీ పాలగిన్నెతో లోపలికి పోయింది. పోయినంత వేగంగా బయటికొచ్చి, గిన్నె అరుగు మీద పెట్టి, నన్ను గట్టిగా పొట్టకు అదుముకుంది.

ఆ సాయంత్రమే అమ్మను సమాధి చేశారు. పరీక్షనాడు నాయిన పనికి పోకుండా నన్ను బడి దాకా నడిపించాడు. పరీక్ష గదిలో ప్రతి లెక్కా తిరగేసి చూసుకున్నాను. పాసయ్యాను. తర్వాత టీచరమ్మనూ అయ్యాను. అదీ లెక్కల టీచరమ్మను, నా ఖర్మ!

అమ్మ ప్రాణం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. దొరికిందని నేను అరిచిన అరుపు ఆమె చెవిన పడిందా లేదా అన్నది ఇన్నేళ్లూ నన్ను తొలుస్తూనే ఉంది. పెద్దయ్యాక ఒకసారి చాచీని అడిగేశాను.

"విన్నది బేటీ, మస్తు ఖుషీ అయింది" అన్నది చాచీ, నా మొహం వంక చూడకుండా.