పీఠం మీద పెట్టుకున్న తిట్లు

మొన్న మనవరాలి గౌనుకి గుడ్డ కొందామని బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల కొట్టుకి వెళ్ళాను. గుజరాతీవాళ్ళ కొట్టు. ఓనరు కూర్చునే కుర్చీ వెనక, వినాయకుడి పటం పక్కన, గుజరాతీలో ఏదో రాసి ఫ్రేము కట్టించి పెట్టారు. నాకు ఆరా ఎక్కువ కదా, "ఏంటండీ అది?" అని అడిగేశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "అన్నం పెడితే అరిగిపోద్ది, బట్ట ఇస్తే చిరిగిపోద్ది, వాత పెడితే కలకాలం ఉంటది. మా గుజరాతీలో ఒక ఫాదర్ గారు రాశారండీ. వాళ్ళమ్మ మాటంట" అన్నాడు. బట్టల కొట్లో కూర్చుని బట్ట చిరిగిపోతుందని రాసిపెట్టుకున్న మహానుభావుడు! నవ్వాను గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ ఫాదర్ మా బాబాయి. వాళ్ళమ్మ అంటే మా నాయనమ్మ.

మాది కంకిపాడు. బాబాయి ఫాదర్ల చదువు చెప్పే సెమినరీలో చదువుకుని, చర్చి పెద్దలు గుజరాత్ పంపిస్తే అక్కడే ఉండిపోయాడు. ఆ భాష ఎంతగా పట్టుబడిందంటే, అక్కడి పత్రికలో వారం వారం రాసేవాడు. ఇంటికి ఉత్తరం మాత్రం రెండు ముక్కలు: "క్షేమం. ప్రార్థించండి." దానితోపాటు ఆయన ఫొటో ఉన్న పేపరు కటింగులు నాలుగు. వాటిలో ఒక్క అక్షరం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. గురువు, అంటే ఫాదరు, రాశాడంటే దేవుని ప్రసంగాలే అయ్యుంటాయని మాకు మేమే తేల్చేసుకున్నాం. నాయనమ్మ వాటిని ఇంట్లో ప్రార్థన చేసుకునే పీఠం మీద, మరియమాత స్వరూపం పాదాల దగ్గర పెట్టి కొవ్వొత్తి వెలిగించేది. సాయంత్రం జపమాల అయ్యాక ఒక్కొక్కటీ కళ్ళకద్దుకుని, మాచేతా అద్దించేది. చేతులు కడుక్కోకుండా ముట్టుకున్నామా, మా వీపు విమానం మోతే.

అవును మరి, ఆమె నోరు అలాంటిది. మా నాన్నని, మా అమ్మని, పాలవాడిని, చివరికి కోడిపుంజుని కూడా తిట్టందే ఆమెకి పొద్దు గడిచేది కాదు. ఒక్క బాబాయికే మినహాయింపు. ఆయన ఫాదర్ అయిన గురుపట్టాభిషేకం రోజున కొడుకు చేతులు ముద్దుపెట్టుకుని "ఫాదర్ గారూ" అన్నదట, అంతే, అప్పట్నుంచీ "మీరు", "దయచేయండి". అభిషేకం పొందిన మనిషిని ఏమన్నా అంటే పాపమని ఆమె భయం. బాబాయి సెలవులకి వచ్చినప్పుడల్లా విచిత్రమైన పనులు చేసేవాడు. చెప్పులతో వంటింట్లోకి వచ్చేవాడు. కంచంలో సగం అన్నం వదిలేసేవాడు. మేమైతే చచ్చేవాళ్ళమే. నాయనమ్మ మాత్రం, "పర్లేదులెండి ఫాదర్ గారూ" అనేది. ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయేవాడు. మర్యాద చేస్తే చిన్నబుచ్చుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు.

నేను బడిలో టీచరుగా చేరిన ఏడాది, పీఠానికి కొత్త గుడ్డ కొనాలని నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని బెజవాడ వన్ టౌన్‌లో ఒక గుజరాతీవాళ్ళ కొట్టుకి వెళ్ళింది. కొట్టుగలావిడ మాలాగే తెలుగు మాట్లాడేది. నాయనమ్మ ప్రార్థన పుస్తకంలోంచి జారిపడిన కటింగు చూసి, "అయ్యో, ఈ ఫాదర్ మీకు తెలుసా? మా అత్తగారు ఈయన రాసింది చదవకుండా టీ తాగరమ్మా!" అంది.

నాయనమ్మ పొంగిపోయింది. "నా కొడుకేనమ్మా! చదివి చెప్పు తల్లీ, దేవుని వాక్యమేగా!"

ఆవిడ చదువుతూ చదువుతూ పకపకా నవ్వింది. "ఇందులో దేవుడు ఎక్కడున్నాడమ్మా? అన్నీ మీరే. వంకాయలు పుచ్చువి తెచ్చాడని మీరు తిట్టిన తిట్లు, దున్నపోతా అన్నది, వాత పెడతానన్నది, అన్నీ రాశాడు." చివరికొచ్చేసరికి ఆవిడ నవ్వు ఆగిపోయింది. నెమ్మదిగా చదివింది: "నేను గురువునైన రోజునుంచి మా అమ్మ నన్ను తిట్టడం మానేసింది. ఇంటికెళితే చుట్టంలా చూస్తుంది. చెప్పులతో వంటింట్లోకి వెళ్ళినా ఏమీ అనదు. అందుకే పాత తిట్లన్నీ గుర్తుచేసుకుని రాస్తున్నాను. రాస్తున్నంతసేపూ నేను మళ్ళీ ఆమె కొడుకుని."

బస్సులో కంకిపాడు దాకా నాయనమ్మ ఆ కటింగుని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది. ఇంటికొచ్చి పీఠం ముందు నిలబడి, "ఇన్నేళ్ళూ నా తిట్లకేనా తల్లీ నేను కొవ్వొత్తి వెలిగించింది?" అంది. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమె మాత్రం ఏడ్చింది. "బిడ్డ అడగలేక అడుగుతుంటే నాకు తెలీలేదే. కానీ ఫాదర్ని తిడితే పాపం కదటే?" అని నన్నడిగింది.

ఫిబ్రవరిలో గుణదల మరియమాత తిరునాళ్ళకి బాబాయి వచ్చాడు. వంటింటి గడప దగ్గరికి చెప్పులతోనే వచ్చి నిలబడ్డాడు, పాపం, అలవాటు కొద్దీ. నాయనమ్మ పప్పు గరిటె పట్టుకుని ఆయన వంక చూసింది. ఆమె చూపు ఆయన చెప్పుల మీదికి దిగి, మళ్ళీ పప్పు గిన్నె మీదికి వెళ్ళింది. బాబాయి తల దించుకుని వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్ దున్నపోతా! చెప్పులు బయట విడిచి చావలేవట్రా!"

బాబాయి గోడ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. జుట్టు నెరిసిన మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తూ, "ఇంకోసారి అనమ్మా" అన్నాడు. ఆమె గరిటె పక్కన పెట్టి, "ఇంకోసారి కాదురా, వెయ్యిసార్లంటా. నన్నడక్కుండా నా తిట్లన్నీ గుజరాతోళ్ళకి పంచిపెడతావా?" అంటూ కొంగుతో ఆయన మొహం తుడిచింది. ఆ తర్వాత నావైపు తిరిగి, "రేపు ఈ పాపం ఒప్పుకుంటూ పాపసంకీర్తనం వీడి దగ్గరే చెప్పుకుంటాలే. క్షమించక ఏం చేస్తాడు?" అంది. ఉన్న వారం రోజులూ ఆయనకి తిట్లే తిట్లు. ఆయన అంత కడుపునిండా అన్నం తినడం నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత కొన్నేళ్ళకి నాయనమ్మ పోయింది. ఆమె వెనక బాబాయీ, అక్కడే, ఆ గుజరాత్ మట్టిలోనే. మొన్న ఆ కొట్లో గౌను గుడ్డ మాట మర్చిపోయి ఆ ఫ్రేము ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆమె పెట్టిన అన్నం ఎప్పుడో అరిగిపోయింది. మేం కొన్న పీఠం గుడ్డ చిరిగి పీలికలైపోయింది. ఎవరినీ వదలని కాలం ఆటలు కూడా, మా నాయనమ్మ నోటి ముందు మాత్రం సాగలేదు.