డబ్బా కొట్టని ఊరు

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధం కాదు. కానీ పోయిన ఏడాది ఒక కుక్కని వెంటబెట్టుకుని రెండు రోజులు విశాఖపట్నం వెళ్ళిరావడానికి నేను పడ్డ పాట్లు ఎంత నెమ్మదస్తులు పడినా వాళ్ళకీ ఒళ్ళు మండేది.

"ఏ బ్రీడ్ మేడమ్?" అని అడిగాడు నేను ఫోన్ చేసిన మొదటి హోటలతను.

"తోట కుక్క."

"అంటే?"

"అంటే జీడితోటకి కాపలా కాసేది. గోధుమ రంగు. ఒక చెవి సగమే ఉంటుంది."

అతను గొంతులో తేనె పోసుకుని, "మాది పెట్ ఫ్రెండ్లీ హోటలే మేడమ్. కాకపోతే నాటు కుక్కల్ని రానివ్వం. మిగతా గెస్టులు ఇబ్బంది పడతారు" అన్నాడు. మరి ఎలాంటివాటిని రానిస్తారయ్యా అంటే నోరు తిరగని జాతుల పేర్లు నాలుగైదు చదివాడు. ఈ గడ్డ మీద పుట్టిన కుక్కకి ఈ గడ్డ మీద కట్టిన హోటల్లో చోటు లేదా అని నేను గొంతు పెంచేసరికి ఫోన్ పెట్టేశాడు. రెండో హోటలావిడ కుక్క ఫోటో పంపమంది. పంపాను. ఆ సగం చెవి చూశాక మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

ఆ సగం చెవి ఎలా పోయిందో ఒక్కళ్ళూ అడగలేదు. నా మంటంతా అక్కడే.

మాది పూండి దగ్గర ఒక ఊరు. జీడితోట, నాలుగు కొబ్బరి చెట్లు, ఇల్లు. నేను పలాసలో ఒక బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన తోట చూసుకుంటూ, చిన్న వ్యాన్‌లో జీడిపిక్కల బస్తాలు తోలతాడు. జీడిపళ్ళ కాలంలో మా వైపు తోటల్లోకి ఎలుగుబంట్లు దిగుతాయి. అందుకే తెల్లారి పిక్కలు ఏరడానికి వెళ్ళేవాళ్ళెవరూ నేరుగా తోటలోకి అడుగు పెట్టరు. ముందు గట్టు మీద నిలబడి ఖాళీ నూనె డబ్బా మీద కర్రతో కాసేపు కొట్టాలి. లోపల ఎలుగుంటే అటు దారిన పోతుంది. ఆ తర్వాత కుక్కని వదలాలి. ఆ తర్వాతే మనిషి. లోపలికి వెళ్ళాక మాత్రం డబ్బా ముట్టకూడదు. మీదికొస్తున్నారనుకుని అది తిరగబడుతుంది. ఇది మా వైపు చిన్న పిల్లలకి కూడా తెలుసు.

రెండు వేసవుల క్రితం ఒంటిపూట బడుల రోజుల్లో ఒక ఉదయం నేనూ, తొమ్మిదేళ్ళ మా పాపా పిక్కలు ఏరడానికి వెళ్ళాం. పాపకి ఇరవై అడుగుల దూరంలో ఎలుగు. మా కుక్క మధ్యలో దూకింది. చెవి సగం అక్కడే పోయింది, ఎలుగు పారిపోయింది, పాపకి గీత కూడా పడలేదు. తోట చివర ముళ్ళపొదల డొంక కొట్టించమని ఏడాదిగా మొత్తుకుంటున్నా మా ఆయన కొట్టించలేదని, అందుకే అది అక్కడ నక్కిందని ఊరంతా వినేలా కేకలేశాను. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆ వారమే డొంక కొట్టించాడు.

కానీ ఆ రోజు నుంచి పాప వాకిలి దాటడం మానేసింది. కుక్క పక్కనుంటే బడి ఆటో దాకా వచ్చేది, అంతే. బడిలో ఆటల గంటకి కూడా గదిలోనే కూర్చునేది. టెక్కలిలో డాక్టరుకి చూపించాం. ఆయన మందులేమీ రాయలేదు. పిల్లకి బయటంటే మళ్ళీ ఇష్టం కలగాలి, కొత్త చోటికి తీసుకెళ్ళండి, కుక్కని కూడా తీసుకెళ్ళండి, నడవనివ్వండి, చెయ్యి పట్టుకుని లాగకండి అన్నాడు.

ఎక్కడికెళ్దామని పాపనే అడిగాను. చాలాసేపు ఆలోచించి, "డబ్బాలు కొట్టని ఊరు ఉంటాదా అమ్మా?" అంది. పాపం, ఎలుగు రాని ఊరు అడుగుతోందనుకున్నాను. విశాఖపట్నం అన్నాను.

మా అత్త బుగ్గలు నొక్కుకుంది. "మనుసులకే దిక్కు నేదు, కుక్కకి సికారేటే? ఊళ్ళో ఇంటే నవ్వుతారు."

"నవ్వనీ అత్తా. ఈ కుక్క లేకపోతే ఆ రోజు ఏటయ్యేదో వాళ్ళకేటి తెలుసు?"

రైలు సంగతి కనుక్కుంటే కుక్క వెనక గార్డు పెట్టెలో విడిగా రావాలన్నారు. కుక్క పక్కనుంటేనే కదిలే పిల్లని ఒక పెట్టెలో, కుక్కని ఇంకో పెట్టెలో! చివరికి మా ఆయన, "ఎందుకే అందరి మీదా కారాలు మిరియాలు నూరతావు? మన బండి ఉంది కదా, నాను తోలతాను" అన్నాడు. టీకాల కార్డు, గొలుసు, నీళ్ళ క్యాను, కుక్క చద్దన్నానికి ఒక స్టీలు కంచం, గరిటె సర్దాను. దిగడానికి సముద్రం దగ్గర ఒక పెద్దావిడ ఇంటిపైన గది దొరికింది. ఆవిడ జాతి అడగలేదు. "మనుషుల్ని కరుస్తుందా?" అని మాత్రం అడిగింది. కరవదన్నాను. రమ్మంది. వారం రోజుల్లో నాకు కోపం తెప్పించని మనిషి ఆవిడొక్కతే.

శనివారం సాయంత్రం ఇసకలో దిగాం. పాప మొదట నా వెనకే నిలబడింది. కుక్క నీళ్ళ అంచు దాకా పోయి, అల రాగానే అరుస్తూ వెనక్కి గెంతింది. పాప నవ్వింది. దాని వెనకాల పరిగెత్తింది. నేను డాక్టరు మాట గుర్తుంచుకుని, పిలవకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాను. పాప దూరంగా చుక్కలా కనిపించేంత వరకూ పోయి మళ్ళీ వచ్చింది. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను పడ్డ తిట్లు, పెట్టిన తిట్లు అన్నిటికీ ఫలితం దక్కిందనుకున్నాను.

ఆదివారం పొద్దున కుక్కలున్నవాళ్ళంతా సముద్రపు ఒడ్డున ఒక చోట చేరతారని ఇంటావిడ చెప్పింది. ముందు అక్కడ, తర్వాత కొండ దారిలో నడక, మధ్యాహ్నం తిరుగు ప్రయాణం అని చీటీ మీద రాసుకున్నాను. వెళ్ళేసరికి అక్కడ తళతళలాడే కుక్కలు, వాటికి చొక్కాలు. మా కుక్క చెవి చూసి ఒకావిడ తన తెల్ల కుక్కపిల్లని చంకనెత్తుకుంది. అప్పటికే నాకు మండుతోంది. పాపకి అవేమీ పట్టలేదు. నీళ్ళ వైపు ఒంటరిగా నడిచి, గవ్వలు ఏరుకుంటోంది. నేను కూర్చుని కంచంలో అన్నం కలుపుతున్నాను.

రోడ్డు పక్కన ఆగిన ఒక కారు వెనకనుంచి ఒక నల్లటిది వచ్చింది. ఒళ్ళంతా బొచ్చు, దూడంత ఎత్తు, తల దించుకుని ఊగుతూ పాప వైపు నడుస్తోంది. నాకు ఇంకేమీ కనబడలేదు. అన్నం ఇసకలో పారబోసి, కంచం మీద గరిటెతో బాదుతూ, "ఎలుగు! ఎలుగొచ్చీసింది!" అని గొంతు చించుకుని అరిచాను. ఆ చప్పుడు వింటే మా కుక్క ఏం చేస్తుందో నాకు తెలియనిది కాదు. మా ఆయన చేతిలోంచి గొలుసు విడిపించుకుని దాని మీదికి ఉరికింది. జనం చెల్లాచెదురయ్యారు. కుక్కపిల్లలు కీచుమన్నాయి. ఎవరో ఆ నల్లదాన్ని పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తున్నారు.

పాప ఒక్కతే కదలకుండా నిలబడి మా కుక్కని పేరు పెట్టి పిలిచింది. ఒకే ఒక్కసారి, మెల్లగా. అది ఆగింది, వెనక్కి వచ్చి పాప కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆ నల్లది తోక ఊపుతూ నిలబడి ఉంది. అది కుక్క. కేవలం పెద్ద బొచ్చు కుక్క.

పాప నా దగ్గరికి వచ్చింది. నా చేతిలోంచి గరిటె లాక్కుంది.

"ఈ ఊళ్ళో కూడానా అమ్మా?" అంది.

"నువ్వు ఎలుగంటే భయపడతావని..."

"నాకు ఎలుగంటే బయం నేదు. నువ్వు డబ్బా కొడితే బయం. ఆ రోజు అది ఎల్లిపోతంది. నాను సూసాను. నువ్వే కొట్టావు. అప్పుడే ఇటు తిరిగింది."

మా ఆయన నా వైపు చూశాడు. ఆ ఉదయం బడికి ఆలస్యమవుతోందని గట్టు మీద డబ్బా కొట్టకుండానే లోపలికి వెళ్ళింది నేను. నడి తోటలో బాదిందీ నేనే. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. డొంక మీదికి నెట్టి, ఆయన మీదికి నెట్టి, ఏడాదిపాటు ఎదురైన ప్రతి మనిషి మీదా ఎగిరాను. పిల్ల ఏడాదిపాటు నా గుట్టు కాపాడింది.

ఆ నల్ల కుక్క తాలూకు మనుషులకి క్షమించమని చెప్పుకున్నాం. కొండ మొదట్లో వ్యాన్ ఆపాక పాప తలుపు తీసుకుని దిగింది, కుక్కని దింపింది. నేనూ దిగబోయాను.

"నానూ, నాన్నా, కుక్కా ఎల్తాం. నువ్వు బండిలో కూకో" అంది పాప. కోపంగా కాదు, మామూలుగానే.

ముగ్గురూ చెట్ల మధ్య దారి పట్టారు. కుక్క ముందు, వెనకాల పాప. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, దాన్ని విసరడానికి అక్కడ ఎవరూ లేరు. మలుపు తిరిగే దాకా పాప ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నేను కంచాన్ని సీటు కిందికి తోసి, నోరు మూసుకుని కూర్చున్నాను.