చూడకుండా మూయనివ్వని దొడ్డమ్మగారు

మా దొడ్డమ్మగారు పోయారు. కెనడాలో, హామిల్టన్‌లో మేం బేస్‌మెంట్ అద్దెకున్న ఇంటి ఓనరన్న వాళ్ళమ్మగారు. గురువారం పొద్దున అన్న ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. తర్వాత తనే ఏడుపు మధ్యలో నవ్వి, "ఆఖరికి ఏమందో తెలుసా? సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సుని, నీ పైన సూపర్‌వైజర్ ఎవరమ్మా, ఇవాళ రౌండుకి వచ్చిందా అని అడిగింది" అన్నాడు. తెలుగు రాని నర్సు కాబట్టి బతికిపోయింది.

నిజానికి ఆవిడ నాకు ఏ వరసా కారు. ఆవిడది కాకినాడ వైపు, మాది జగిత్యాల. మా దగ్గర పెద్దమ్మ అంటాం. మొదటిరోజు అలాగే పిలిస్తే, "పెద్దమ్మంటే ముసలిదాన్నయిపోయినట్టుంటుంది, దొడ్డమ్మా అని పిలు" అన్నారు, డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరై కొడుకు దగ్గరికి వచ్చారు. ఉద్యోగం వదిలింది గానీ తనిఖీ మాత్రం ఆవిణ్ణి వదల్లేదు.

మేం వచ్చిన రోజుల్లో మా వీధిలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా తెలుగు స్టూడెంట్లే ఉండేవారు. ఒక్కో గదిలో నలుగురు, వంటింట్లో ఒకడు. దొడ్డమ్మగారు సాయంత్రం వాకింగ్ పేరుతో బయల్దేరి ఆ బేస్‌మెంట్లన్నీ చుట్టి వచ్చేవారు. పిల్లలు నమస్తే చెప్పేలోపే ఫ్రిజ్ తెరిచేవారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు బక్కచిక్కిన పిల్లల్ని గ్రేడులుగా రాసేవారట. ఆ అలవాటుతో, మాస్టర్స్ చదివే ఆరడుగుల కుర్రాడి చెయ్యి పట్టుకుని చూసి, "నువ్వు రెండో గ్రేడులో ఉన్నావురా అబ్బాయ్, ఇంకో నెల మ్యాగీ తిన్నావంటే మూడులోకి పోతావు" అని తేల్చేవారు. ఆ కుర్రాళ్ళు ఆవిణ్ణి చూసి పారిపోయేవారు, ఆవిడ పంపిన పప్పుచారు మాత్రం గిన్నె నాకేసి పంపేవారు.

నా కూతురు పుట్టినప్పుడు మా అమ్మకి విజిటర్ వీసా రిజెక్ట్ అయింది. నేను డే కేర్ టీచర్లయ్యే ఎర్లీ చైల్డ్‌హుడ్ కోర్సు చదువుతున్నాను, మా ఆయన మిస్సిసాగాలో వేర్‌హౌస్ ఉద్యోగం. చంటిపిల్లకి స్నానం పోసేవాళ్ళు లేరని నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, దొడ్డమ్మగారు చీరకుచ్చెళ్ళు దోపుకుని కిందికి దిగారు. కాళ్ళు చాపి పిల్లని పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండి రుద్ది, వేడినీళ్ళు పోస్తే మా పిల్ల ఏడుపు నయాగరా దాకా వినపడేది. ఆ తర్వాత సాంబ్రాణి. ఆ తర్వాత బుగ్గన, నుదుటిన, అరికాల్లో రూపాయి బిళ్ళంత దిష్టిచుక్కలు.

బేస్‌మెంట్‌లో సాంబ్రాణి వేయకూడదని మాలో ఎవరికీ తట్టలేదు. ఒకరోజు పొగ మరీ ఎక్కువై అలారం మోగింది. ఇల్లంతా కలిపిన అలారం కాబట్టి మూడంతస్తుల్లోనూ మోగింది. పైన ఆఫీసు మీటింగులో ఉన్న అన్న హెడ్‌ఫోన్స్‌తోనే వీధిలోకి పరిగెత్తాడు. మా కిటికీలోంచి పొగ రావడం చూసి పక్కింటి పెద్దాయన ఫైరింజన్‌కి ఫోన్ చేశాడు. బూట్లేసుకుని లోపలికి వచ్చిన ఫైర్‌మెన్‌కి కనిపించింది మంట కాదు, తువ్వాల్లో చుట్టి ఉన్న పిల్ల, పిల్ల అరికాల్లో నల్లటి మచ్చ.

"ఈ మచ్చేంటి?" అని అడిగాడు వాళ్ళలో పెద్దవాడు.

నేను నోరు తెరిచేలోపు దొడ్డమ్మగారు తన ఆఫీసు ఇంగ్లీషు తీశారు. "ఫర్ ఈవిల్ ఐ, సర్. లైక్ యువర్స్."

అంతే. వాళ్ళు నిబంధన ప్రకారం పిల్లల సంరక్షణ ఆఫీసుకి చెప్పారు. తప్పు పట్టను, చెప్పాల్సిందే. రెండు రోజులకి ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చాలా మంచిపిల్ల. తడిగుడ్డతో తుడిస్తే చుక్క పోయిందని కళ్ళారా చూసింది, నవ్వింది, ఇంకోసారి వచ్చి చూసి ఫైలు మూసేస్తానని చెప్పి వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళినట్టే, మళ్ళీ రాలేదు.

ఆకులు రాలాయి, మంచు పడింది, మంచు కరిగింది. ఇంటి ముందు ఏ కారు ఆగినా నా గుండె ఆగిపోయేది. పిల్ల మోకాలు దోక్కుపోతే డ్రస్సు కప్పేదాన్ని. పార్కులో పిల్ల ఏడిస్తే నలుగురు చూస్తారేమోనని నేనే ముందు ఏడ్చేదాన్ని. నా పిల్లని నా దగ్గర్నుంచి తీసుకుపోతారేమోనన్న భయం ఎలాంటిదో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మా ఆయన మాత్రం, "రాకుంటె మంచిదే గదనే, పిలిచి తెచ్చుకునుడు ఎందుకు" అనేవాడు.

చివరికి పిలవక తప్పలేదు. నా కోర్సు పూర్తి కావాలంటే ఒక డే కేర్‌లో ప్లేస్‌మెంట్, అంటే ట్రైనింగు డ్యూటీ, చేయాలి. వాళ్ళు, పిల్లల సంరక్షణ ఆఫీసులో నా మీద తెరిచి ఉన్న ఫైలేదీ లేదని రుజువు తెమ్మన్నారు. ప్లేస్‌మెంట్ లేకపోతే డిప్లొమా లేదు, డిప్లొమా లేకపోతే వర్క్ పర్మిట్ లేదు, అది లేకపోతే పిల్లని చంకనేసుకుని జగిత్యాలకి పోవడమే. ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్. మళ్ళీ చేస్తే, వచ్చిన అమ్మాయి ఉద్యోగం మానేసిందన్నారు. మరి ఫైలు ఎవరి దగ్గరుంది? "టీమ్ దగ్గర" అన్నారు.

ఆ మాట చెప్తే దొడ్డమ్మగారు మురిసిపోయారు. "అమ్మో, ఇక్కడా టీమేనా! మేము సెక్షన్ అనేవాళ్ళం. సెక్షన్‌లో ఉందంటే ఎవరి దగ్గరా లేదని. ఫీల్డ్‌కెళ్ళారంటే క్యాంటీన్‌లో ఉన్నారని. పరిశీలనలో ఉందంటే పోయిందని. ఇవన్నీ నేను చెప్పినవేనే అమ్మాయ్. దొంగ దారి దొంగకి తెలీదా?"

ఆ రాత్రే ఆవిడ నాకు రెండు సూత్రాలు చెప్పారు. ఒకటి: "గవర్నమెంటుని ఎందుకు అని అడక్కూడదు, ఎవరు అని అడగాలి. ఎందుకంటే కథ చెప్తారు. ఎవరంటే పేరు చెప్పాలి." రెండోది: "అడగందే అమ్మైనా పెట్టదంటారు. గవర్నమెంటు అడిగినా పెట్టదు. ఎదురుగా కూర్చుంటే పెడుతుంది."

మర్నాటి నుంచి ఆవిడ వెళ్ళి కూర్చున్నారు. నన్నూ, స్ట్రోలర్‌లో పిల్లనీ తీసుకుని, ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో దధ్యోజనం పెట్టుకుని, బస్సెక్కి ఆ ఆఫీసు రిసెప్షన్‌కి. అపాయింట్‌మెంట్ ఉందా అని అడిగితే, "నో. ఐ హావ్ టైమ్" అని కుర్చీలో సర్దుకున్నారు. ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు. సంచీలోంచి దూది తీసి, మోకాలి మీద దీపానికి వత్తులు చేసుకోవడం మొదలుపెట్టారు. సెక్యూరిటీ అతను వచ్చి ఆ తెల్లటివి ఏమిటని చాలా మర్యాదగా అడిగాడు. "ఫర్ గాడ్" అన్నారు. అతను తలూపి తన కుర్చీకి వెళ్ళిపోయాడు.

రెండోరోజు రిసెప్షన్ అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని చూసింది. మూడోరోజుకి తనూ వత్తులు చేస్తోంది. "లూజుగా చుట్టకే, దీపం కొండెక్కిపోతుంది" అని దొడ్డమ్మగారు తెలుగులో మందలిస్తే, ఆ పిల్ల తలూపి గట్టిగా చుట్టేది. లోపల టీమ్‌లో మనుషులు కాఫీకి వెళ్తూ వస్తూ ఈ వత్తుల కేంద్రాన్ని చూసేవారు. నాకు సిగ్గుతో తల ఎత్తాలనిపించేది కాదు.

చివరికి వాళ్ళే ఒక దారి చూపించారు. అదే బిల్డింగులో ఇరుగుపొరుగు తగాదాలని కోర్టుదాకా పోకుండా కూర్చోబెట్టి తీర్చే కమ్యూనిటీ సర్వీసు ఒకటుంది. అక్కడ మధ్యవర్తి సమక్షంలో టీమ్ మేనేజర్ మాతో మాట్లాడతారన్నారు. వెళ్ళాం. కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. మధ్యవర్తి నున్నటి రాయి ఒకటి తెచ్చి, ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి అని చెప్పి, పెద్దావిడ కదా అని మొదట దొడ్డమ్మగారి చేతిలో పెట్టింది. పాపం, ఎంత పొరపాటు చేసిందో ఆ మధ్యవర్తికి తెలియదు.

దొడ్డమ్మగారు రాయిని పమిట కొంగులో పెట్టుకుని మొదలుపెట్టారు. చంటిపిల్ల స్నానం నుంచి దిష్టి శాస్త్రం మీదుగా ఫైరింజన్ దాకా వచ్చేసరికి మధ్యవర్తి రెండుసార్లు దగ్గింది. దొడ్డమ్మగారు సంచీలోంచి మిరియాల బిళ్ళ తీసిచ్చి కొనసాగించారు. చివరికి "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" అని ముగించి రాయి మేనేజర్‌కి అందించారు.

మేనేజర్ టై కట్టుకున్న పెద్దమనిషి. సిబ్బంది కొరత గురించి, ప్రక్రియ గురించి, మా ఆవేదన తమకి అర్థమైన విధం గురించి చెప్పాడు. దొడ్డమ్మగారు నా వైపు వంగి, "ఎంత బాగా చెప్తున్నాడే! కలెక్టర్ మీటింగులో నేనూ అచ్చం ఇంతే" అని గుసగుసలాడారు. ఆయన ఆగగానే ఒక్క మాట అడిగారు. "హూ, సర్?"

ఆయన కాసేపు రాయి వైపు చూశాడు. "నేనే" అన్నాడు. "ఆ అమ్మాయి వెళ్ళాక ఫైలు నా పేరు మీదే ఉంది." వెంటనే నా వైపు తిరిగి, పాత రిపోర్టు సరిపోతుంది, ఇంటికి రావలసిన పనిలేదు, ఈ మధ్యాహ్నమే మూసేస్తాను అన్నాడు.

నాకు లేచి ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. దొడ్డమ్మగారు లేచారు, దండం పెట్టడానికి కాదు. ఆయన చేతిలోంచి రాయి లాక్కున్నారు.

"వితౌట్ సీయింగ్ ది చైల్డ్, హౌ కెన్ యూ క్లోజ్, సర్?"

"మేడమ్, మూయమనే కదా మీరు వచ్చింది?"

"యెస్ సర్. ఆఫ్టర్ సీయింగ్."

పిల్ల అక్కడే స్ట్రోలర్‌లో ఉంది, చూడమని నేను చూపించాను. "ఇక్కడ కాదు. పిల్లని ఇంట్లో చూడాలి. ఏం తింటోందో, ఎక్కడ పడుకుంటోందో, ఎవరి దగ్గరికి నవ్వుతూ పోతోందో చూడాలి" అన్నారావిడ. నేనే ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. నా నోటితోనే నా కొంప ముంచుకున్నాను. ప్లేస్‌మెంట్‌కి రుజువు ఇవ్వడానికి ఆ శుక్రవారమే ఆఖరి రోజు.

బస్సులో నా కోపం ఆగలేదు. "ఆయన మూస్తా అన్నడు గదా! మీకేం పోయింది? పోయేది నా పిల్ల, నా చదువు. మీ పంతం కోసం నన్ను బలిపెడతరా?" అన్నాను. ఆవిడతో నేను గొంతు పెంచడం అదే మొదలు, అదే ఆఖరు.

దొడ్డమ్మగారు కిటికీ వైపు చూస్తూ అన్నారు. "అది చుక్క కాబట్టి సరిపోయింది. నిజంగా వాతైతే? ఇన్ని నెలల్లో ఎవరొచ్చారే చూడ్డానికి? వాళ్ళు మనింటికి వచ్చినందుకు కాదే నా కోపం, మళ్ళీ రానందుకు." సంచీ ఒళ్ళోకి లాక్కుని, "నేనూ చూడకుండా సంతకాలు పెట్టినవి ఉన్నాయి. అందరూ బాగానే ఉండుంటారులే అనుకుంటూ ఉంటాను" అన్నారు.

నాకు ఆవిడ చెయ్యి పట్టుకుందామనిపించింది గానీ, కోపం ఇంకా దిగలేదు.

గురువారం సాయంత్రం మేనేజరే వచ్చాడు. మా బేస్‌మెంట్ మెట్ల దగ్గర తల కొట్టుకున్నాడు. ఇళ్ళకి వెళ్ళి ఎన్నేళ్ళయిందో, ఎక్కడ కూర్చోవాలో తెలియక కింద కార్పెట్ మీద కూర్చున్నాడు. పిల్ల పాక్కుంటూ వెళ్ళి ఆయన టై చప్పరించింది. ఆయన మొదట తొందరగా చూశాడు, తర్వాత నిదానంగా చూశాడు. ఉయ్యాల చూశాడు, వంటిల్లు చూశాడు. నేను పిలిస్తే పిల్ల టై వదిలి నా దగ్గరికి పాక్కుంటూ రావడం చూసి తల దించుకున్నాడు. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి ఫైలు మూశాడు. నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయన, మొగోడినని మరిచి నాకంటే పెద్దగా ఏడ్చాడు.

లేవబోతూ ఆయన మెల్లగా, ఆ అమ్మాయి వదిలి వెళ్ళిన ఫైళ్ళు ఇంకా ఉన్నాయని, వాటినీ ఎవరూ వెళ్ళి చూడలేదని చెప్పాడు. అప్పటికే నేను పాలు పొయ్యి మీద పెట్టాను. ఇంటికొచ్చిన శత్రువుకైనా కాఫీ ఇవ్వందే పంపని దొడ్డమ్మగారు వచ్చి స్టవ్ ఆపేశారు.

"కాఫీ వద్దు. ఆయన్ని వెళ్ళనీ. ఇంకా ఇళ్ళున్నాయి" అన్నారు. ఆయనకి కోటు తనే అందించి, "గో, సర్. ప్లీజ్ గో" అని తలుపు తీశారు.

ఇప్పుడు నేను ఒక డే కేర్‌లో పనిచేస్తున్నాను. దొడ్డమ్మగారి దహనం శనివారం అయింది. సోమవారం డ్యూటీకి వెళ్ళాను. పొద్దున్నే పిల్లలు మంచు బూట్లతో, కోట్లతో వరసగా వస్తారు. మిగతా టీచర్లు కోట్లు తగిలించి లోపలికి పంపేస్తారు. నేను ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని గ్లవ్స్ తీసి, చేతులు చూసి, మొహం చూసి, అప్పుడు పంపిస్తాను. ఆలస్యం చేస్తానని నాకు పేరు. ఆ సోమవారం నాకు కళ్ళు సరిగ్గా ఆనలేదు, కింద కూర్చుని తుడుచుకుంటూ ఉండిపోయాను. తల ఎత్తేసరికి పిల్లలు ఎవరికి వాళ్ళే గ్లవ్స్ తీసేసి, వరసలో నిలబడి, చిన్న చిన్న చేతులు నా ముందుకి చాపి, ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పి చూపిస్తున్నారు.