వేషానికి పడ్డ దెబ్బలు

అనకాపల్లిలో దర్జీ ఆదంకి కుట్టే చొక్కాల కన్నా వేసే వేషాలకే పేరెక్కువ. 1964 వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం పేటలోని స్నేహితులతో కలిసి హాస్య నాటకం ఆడాడు. బంగారం రెట్టింపు చేస్తామని ఇద్దరు మోసగాళ్లు ఒక ఆశపోతు షావుకారు నగలన్నీ ఊడ్చుకుపోయే కథ. ఆదంది దొంగసాధువు వేషం.

షావుకారు తన పెళ్లాం మెడలో గొలుసు కూడా తెంపి దొంగసాధువు బిందెలో వేసేసరికి పందిరంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుల మధ్యలోంచి మునగపాక రైతు బంగారయ్య కర్ర పట్టుకుని స్టేజీ ఎక్కాడు. ఇదీ నాటకమే అనుకున్నారు జనం.

"నా పెళ్లాం నగలు ఎక్కడెట్టేవురా? సెప్పు!"

మొదటి దెబ్బ భుజం మీద పడింది.

"మామా, ఇది నాటకం! నేను దర్జీ ఆదాన్ని!" అంటూ ఆదం పెట్టుడుగడ్డం పీకి చూపించాడు. బంగారయ్య చూడలేదు. రెండో దెబ్బకి ఆదం పెదవి చిట్లి రక్తం కారింది. జనం ఈలలు వేశారు. మూడో దెబ్బకి అడ్డుపెట్టిన కుడి మణికట్టు పుటుక్కున విరిగింది. ఆదం పెట్టిన కేకకి ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆడవాళ్ల వైపు నుంచి ఆదం భార్య జరీనా పరిగెత్తుకొచ్చింది. స్టేజీ మీది ఇత్తడి బిందె ఎత్తి బంగారయ్య నెత్తిన మోదింది. అతను నెత్తురోడుతూ కూలబడ్డాక గాని నవ్వులు ఆగలేదు.

ఆసుపత్రిలో ఇద్దరికీ పక్కపక్క మంచాలే దొరికాయి. తలకు కట్టుతో బంగారయ్య వెక్కుతూ చెప్పాడు.

"కిందటేడు ఇలాగే ఇద్దరు సాములొచ్చేరు. నా పెళ్లాం అప్పలనర్సమ్మ నగలు ఇవ్వనంటే సెంప పగలగొట్టి లాక్కుని ఆళ్ల సేతిలో పెట్టేను. బిందె తెరిత్తే ఇసక. సిగ్గేసి ఎవరికీ సెప్పలేదు. ఇయ్యేళ ఊరంతా నన్నే సూసి నవ్వినట్టుంది."

"మరి పెళ్లాన్ని కొట్టినందుకు నిన్నెవరు కొట్టేరు?" అంది జరీనా.

ఆదం లేచి ఎడంచేత్తో బంగారయ్య చెంప ఛెళ్లుమనిపించాడు. కేసు మాత్రం పెట్టలేదు.

మణికట్టు వంకరగానే అతుక్కుంది. కత్తెర జరీనా పట్టింది. ఆదం కొలతలు చెప్పేవాడు. మళ్లీ రంగు పూసుకోలేదు. వీధిలో నలుగురు గట్టిగా నవ్వితే చాలు, ఉలిక్కిపడి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.