చీకటి గదిలో ఎర్ర చుక్క

ప్రయోగశాలలో కుర్రవాళ్లు ఆవిడను గుడ్లగూబక్క అంటారు. ఆవిడా నవ్వి పలుకుతుంది. పగలంతా చీకటి గదిలో, మసక పచ్చదీపం కింద పని మరి.

మొక్కల్లో వెలుతురును పసిగట్టే రంగు పదార్థం ఒకటుంది. ఎర్రకాంతి సోకితే మేల్కొంటుంది, కంటికి ఆనీ ఆనని ముదురెరుపు సోకితే మళ్లీ నిద్రపోతుంది. దాన్ని జీవకణాల్లో స్విచ్చులా అమర్చి, కావలసినప్పుడే వాటిచేత పని చేయించడం అక్కడి పరిశోధన. చీకట్లో ఉంచిన ప్లేట్లలో కణాలు ఊరికే ఉండాలి. ఒకసారి అన్నిట్లోనూ పని మొదలెట్టేశాయి.

"తలుపెవరు తీశారు?" అన్నారు పెద్దసారు.

"ఇంకెవరు సార్, తుడవడానికొచ్చేది పిన్నే కదా" అంది అక్క. చూసి అన్న మాట కాదు, నోటికొచ్చిన మాట.

"తట్టకుండా ఎప్పుడన్నా వచ్చానా అమ్మాయ్? నువ్వే చెప్పు" అంది పిన్ని.

అక్క పాడైన ప్లేట్లు ఏరి పారేసే పనిలో పడింది. కాంట్రాక్టు మనిషిని తీసెయ్యడానికి విచారణ అక్కర్లేదు, ఒక మాట చాలు. మర్నాటి నుంచి పిన్ని రాలేదు. తప్పు కూడా నీళ్లలాంటిదే, పల్లమెక్కడుందో దానికి ఒకరు చూపించక్కర్లేదు.

ప్లేట్లు మళ్లీ పాడయ్యాయి.

భోజనానికి ముందు చేతులు కడుక్కోబోతూ అక్క వాచీ తీసి బోర్లా పెట్టింది. ఒంట్లో ప్రాణవాయువు ఎంతుందో చెబుతుందని కూతురు కొనిచ్చిన వాచీ. మణికట్టు ఒరుసుకుపోతోందని ఆమధ్యే పట్టీ వదులు చేసుకుంది. వాచీ అడుగున ఎర్ర చుక్క వెలిగి ఆరింది.

ఫోన్లు బయటే పెట్టాలని చీకటి గది తలుపుకు అట్ట తగిలించింది తనే. వదులైన పట్టీ సందులోంచి ప్లేట్ల మీద పడింది ఈ ఎరుపేనని, తినకుండానే వెళ్లి చెప్పేసింది.

విని పెద్దసారు, "వాచీ తీసేస్తే సరిపోయె. అయిందేదో అయింది, ఇంకొకామె వచ్చిందిగా" అన్నారు.

"ప్లేట్లయితే పారేసి కొత్తవి పెట్టుకుంటాం సార్. ఆవిడ మనిషి."

అందరూ కూర్చున్న చోట, కాంట్రాక్టరు ముందు, తలెత్తకుండా మళ్లీ అదే చెప్పింది. కొత్తామెను పై అంతస్తుకు మార్చి పిన్నిని పిలిపించారు.

తలుపు తట్టిన చప్పుడైంది. అక్క ప్లేట్లకు మూతలు పెట్టి తెరిచింది.

"లోపలికి రా పిన్నీ. తప్పంతా నాదే."

"చెప్పారండీ." పిన్ని గడప అవతలే నిలబడింది. "మీరు బయటికొచ్చాక తుడుస్తాలెండి మేడమ్."

ఇన్నేళ్లూ అమ్మాయ్ అని పిలిచిన నోరు. అక్క బయటికొచ్చింది. లోపల బట్ట నేలమీద ఆడుతున్నంతసేపూ, ఎటు చూడాలో తెలియక, తను రాసిన అట్టవైపే చూస్తూ నిలబడింది.