రెండో తాళం

గోడౌన్ కీపర్‌ని అందరూ తాళాలాయన అంటారు. పిల్లల్లేరు, భార్య పోయింది. ఇంట్లో ఆయనతో మాట్లాడేది కుక్కర్ ఒక్కటే. అందుకే పొద్దున్నే అందరికంటే ముందు గోడౌన్ దగ్గరికొచ్చి, మెట్టు మీద కూర్చుని, కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ స్కూటర్ చప్పుడు కోసం చెవులు రిక్కించేవాడు.

ఆ గోడౌన్ తంతే వేరు. ఓడల్లో వచ్చిన సరుకు సుంకం కట్టేదాకా అందులోంచి కదలకూడదు. అందుకని తలుపుకి రెండు తాళాలు. ఒక తాళంచెవి ఈయన దగ్గర, రెండోది ఇన్‌స్పెక్టర్ దగ్గర. తలకిందులుగా తపస్సు చేసినా ఒక్కళ్ళవల్ల కాదు, ఇద్దరూ పక్కపక్కన నిలబడి తెరవాల్సిందే.

"ఏం పెద్దాయనా, రాత్రి నిద్ర పట్టిందా?" అనేవాడు ఇన్‌స్పెక్టర్, తాళం తిప్పుతూ.

"మీ తాళానికి కాస్త నూనె పెట్టండి సారూ, దాని మూలుగుకి ఓడలు వెనక్కి పోయేలా ఉన్నాయి," అనేవాడు ఈయన.

అంతే. ఆ నాలుగు మాటలతోనే ఆయనకి రోజు గడిచిపోయేది. ఇన్నేళ్ళలో ఒకరింటికి ఒకరు వెళ్ళింది లేదు.

అలాంటిది, తలుపుకి మిషన్ తాళం బిగించారు. ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో కూర్చుని మీట నొక్కితే చాలట, రానక్కర్లేదట! ఎవడికి తట్టిందో గాని ఆ ఆలోచన, వాడి కడుపు చల్లగుండ! ఇక తాళాలాయన్ని నిద్ర పట్టిందా అని అడిగే దిక్కెవరు?

చివరిరోజు ఇన్‌స్పెక్టర్ పాత తాళం ఊడదీసి ఈయన చేతిలో పెట్టాడు. "ఇది ఎవరికీ అక్కర్లేదట, మీరే ఉంచుకోండి," అని స్కూటరెక్కాడు. తాళంచెవి మాత్రం అలవాటుకొద్దీ ఇన్‌స్పెక్టర్ జేబులోకే పోయింది.

మర్నాడు పనికి బయల్దేరుతూ తాళాలాయన ఇంటి తలుపుకి కింద తన తాళం వేసి, పై గొళ్ళేనికి ఆ పాత తాళం తగిలించి నొక్కేశాడు. చేతి అలవాటో, మనసు చేసిన దొంగపనో ఆయనే చెప్పాలి. సాయంత్రం వచ్చి కిందది తీశాడు. పైది ఎలా వస్తుంది? ఫోన్ చేశాడు.

"సారూ, మీరొస్తేగాని మా ఇంటి తలుపు తెరుచుకోదు."

"మతుండే మాట్లాడుతున్నారా? సుత్తితో ఒక్కటివ్వండి, అదే ఊడుతుంది," అని ఇన్‌స్పెక్టర్ పెట్టేశాడు.

సుత్తి పక్కింట్లోనే దొరుకుతుంది. ఈయన అడగలేదు, గడప ముందు చతికిలబడ్డాడు. 'ఎందుకొస్తాడు, నేనేమన్నా చుట్టాన్నా?' అనుకుంటే ఏడుపొచ్చింది. చీకటి పడుతుండగా స్కూటర్ చప్పుడైంది.

ఇల్లు వాకబు చేసుకుంటూ వచ్చిన ఇన్‌స్పెక్టర్ సణుక్కుంటూనే తాళం తీసి, ఈయన వెనకే లోపలికొచ్చాడు. ఉన్నది ఒక్క కుర్చీ. భార్య పోయాక కంచాలూ గ్లాసులూ అటకెక్కేశాయేమో, టీ పెడితే పొయ్యడానికి ఒక్కటే గ్లాసు. అది చూసి ఆయన సణుగుడు ఆగిపోయింది. ముందు తను తాగి, గ్లాసు కడిగిచ్చాడు. తర్వాత ఈయన తాగాడు.

వెళ్ళేటప్పుడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఆగి, "దీనికి నూనె పెట్టండి పెద్దాయనా," అన్నాడు.

తాళంచెవి మాత్రం ఇవ్వలేదు, జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.